ఆ నల్ల మచ్చ కోసం పన్ను పీకించుకోవద్దు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది టంగుటూరు, వయసు 43. పొగాకు గ్రేడింగ్ పనికి పోతాను. కుడివైపు కింది దవడ పన్ను పుచ్చి చీము పడితే, ఐదు నెలల కిందట ఒంగోలులో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. వాపు పోయింది. కానీ గట్టివి నమిలితే అడుగున ఎక్కడో నొక్కినట్టు నొప్పి. మొన్న నెల్లూరులో మా చెల్లెలింటికి పోయినప్పుడు అక్కడొక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, వేరు కింద నల్ల మచ్చ ఉంది, లోపల పెట్టిన మందు వేరు దాటి బయటికి పోయింది, పీకేసి ఇంప్లాంట్ పెట్టుకోవడం మేలు అన్నారు. ఒంగోలు డాక్టరు గారికి ఫోన్ చేస్తే కంగారు పడొద్దు, ఆగండి అంటున్నారు. మా అత్తేమో ‘పీకిచ్చేయ్‌మే, పీడా పోద్ది’ అంటది. రూట్ కెనాల్ చేసిన పన్ను ఒంట్లోకి విషం వదులుతుందని ఎదురింటామె ఫోన్లో వీడియో చూపించింది. నాకు షుగరుంది, మూడు నెలల పరీక్షలో 8.6 వచ్చింది. పుట్టిల్లు కనిగిరి దగ్గర, అక్కడి నీళ్లకి చిన్నప్పటి నుంచీ పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నాయి. దానికీ దీనికీ సంబంధముందా? పీకించుకోమంటారా?

సమాధానం: అమ్మా, ముందు మీరు చివర అడిగినదానికి జవాబు చెప్తాను. ఇప్పుడు పీకించుకోకండి. ఐదో నెల ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నలుపు కనపడినంత మాత్రాన వైద్యం చెడిపోయినట్టు కాదు. ఆ నలుపు తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే లెక్క. అది తేలాలంటే రెండు ఎక్స్‌రేలు కావాలి. మీ చేతిలో ఉన్నది ఒక్కటే.

పన్ను ఎముకలో మేకు దిగ్గొట్టినట్టు ఉండదమ్మా. వేరుకీ ఎముకకీ మధ్య ఒక పొర ఉంటుంది. మందం చూస్తే మిల్లీమీటరులో ఐదో వంతు, అంతే. ఆ పొర నిండా నారపోగులు. ఒక కొస వేరుని పట్టుకుని ఉంటుంది, ఇంకో కొస ఎముకలోకి దిగి ఉంటుంది. పన్ను ఆ నారల మీద ఊయలలా వేలాడుతుంది. అన్నంలో మెరిగ తగిలితే ఠక్కున తెలిసేది ఈ పొర వల్లే. రూట్ కెనాల్‌లో తీసేది పన్ను కడుపులోని కండని, నరాన్ని. ఈ పొరని ఎవరూ తీయరు, దాని నరాలు దానికి ఉంటాయి. ‘నరం తీసేశారు కదా, ఇంకా నొప్పేంది?’ అని నా దగ్గర రోజుకొకరైనా అడుగుతారు. నొప్పి పుట్టేది పన్ను బయట ఉన్న ఈ పొరలో.

ఇక నల్ల మచ్చ సంగతి. పన్ను లోపలి కండ చచ్చిపోయాక ఆ సన్నటి గొట్టంలో రక్తం ఆడదు. రక్తం లేని చోటికి మన ఒంటి రక్షక కణాలు పోలేవు, మందు బిళ్లలూ పోలేవు. సూక్ష్మజీవులకి అంతకంటే భద్రమైన చోటు లేదు. అవి లోపలే ఉండి, వేరు కొనలోని చిన్న రంధ్రం గుండా విషాలు బయటికి వదులుతుంటాయి. లోపలికి పోలేని శరీరం గుమ్మం దగ్గరే కాపలా పెడుతుంది. అక్కడ తెల్ల కణాలు, కొత్త రక్తనాళాలు, మెత్తటి కండ చేరతాయి. వాటికి చోటు కావాలి కాబట్టి ఎముక కరిగి వెనక్కి జరుగుతుంది. గట్టి ఎముక ఎక్స్‌రేలో తెల్లగా పడుతుంది, అది కరిగిన చోటు నల్లగా పడుతుంది. మీ ఫిల్మ్‌లో కనపడింది ఆ కాపలా చోటు. దాన్ని పుండుగానో పురుగు తొలిచిన రంధ్రంగానో ఊహించుకుని భయపడకండి.

దీన్ని నేను కళ్లారా చూశాను. చూసిన తీరు చెప్పుకోవడం కష్టంగానే ఉంటుంది, అయినా మీకు చెప్పాలి. కావలిలో ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు, బిట్రగుంట నుంచి ఒక రైల్వే ఉద్యోగి వచ్చారు. ఏడు నెలల కిందట వేరే ఊళ్లో రూట్ కెనాల్ అయింది. నేను ఎక్స్‌రే తీశాను. వేరు కింద కందిబద్దంత నలుపు. ఫెయిలైంది, తీసేద్దాం అన్నాను. తీశాను. వేరు కొనకి అంటుకుని ఎర్రటి మెత్తటి కండ ముద్ద ఒకటి బయటికొచ్చింది, రేగిగింజలో సగం ఉంటుంది. మేం గ్రాన్యులోమా అంటాం. దాని అంచులు పట్టు దారంలా గట్టిపడి ఉన్నాయి. నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. వారం తర్వాత కుట్టు విప్పించుకోడానికి వచ్చినప్పుడు ఆయన పాత కవరు ఒకటి తెచ్చారు, అందులో వైద్యానికి ముందు తీసిన ఫిల్మ్ ఉంది. లైటుకి పెట్టి చూస్తే, అప్పుడు ఆ నలుపు శనగగింజంత! ఏడు నెలల్లో సగానికి సగం పూడింది. మానుతున్న పన్నుని నేను పీకేశాను. ఆ మాట ఆయనకి చెప్పేశాను కూడా. అప్పటి నుంచి పాత ఫిల్మ్ చూడకుండా ఎవరి పన్ను మీదా తీర్పు చెప్పలేదు.

ఎముక ఎలా పూడుతుందో తెలిస్తే మీకు ఓపిక పట్టడం తేలికవుతుంది. గొట్టం లోపల శుభ్రం చేసి, బ్లీచింగ్ జాతి ద్రావణంతో కడిగి, మూసేశాక వేరు కొన దగ్గర మొదటి రెండు మూడు రోజులు గొడవ తగ్గకపోగా కాస్త పెరుగుతుంది. గొట్టాన్ని గీకి శుభ్రం చేసే ఫైళ్లనే సన్నటి పనిముట్ల రాపిడి, కడిగిన మందు, కొత్తగా పెట్టిన సిమెంటు, ఇవన్నీ ఆ పొరకి కొత్త. వారంలో సద్దుమణుగుతుంది. తర్వాత చెత్త ఎత్తిపోసే పెద్ద కణాలు వచ్చి చచ్చిన కణాల్నీ, సూక్ష్మజీవుల ముక్కల్నీ మింగుతాయి. ఎముకని కరిగించే కణాలు పని ఆపుతాయి, కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. కొత్త ఎముక మచ్చ అంచుల నుంచి లోపలికి వస్తుంది, ఊటబావి పూడ్చేటప్పుడు గట్టు మీద నుంచి మట్టి తోసినట్టు. వేరు మీద కరిగిన చోట సిమెంటం అనే గట్టి పూత మళ్లీ పడుతుంది. ఆఖరున నారపోగుల పొర, దాని వెంబడి ఎక్స్‌రేలో కనపడే సన్నని తెల్ల గీత తిరిగి వస్తాయి.

ఇదంతా నెలల పని. మానబోయే వాటిలో చాలావాటికి మొదటి ఏడాదిలోనే తగ్గుదల జాడ కనపడుతుంది. పూర్తిగా పూడటానికి నాలుగేళ్లు పట్టేవీ ఉన్నాయి. ఇంకొకటి, ఎక్స్‌రే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. ఎముకలోని ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోతే గానీ మామూలు ఫిల్మ్‌లో నలుపు తేలదు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. లోపల మెత్తటి కొత్త ఎముక అల్లుకున్నా, దానికి సున్నం పట్టేదాకా ఫిల్మ్ నల్లగానే చూపిస్తుంది. ఐదో నెల మచ్చని చూసి పీకేయడం, నారు పోసి పదో రోజున పంట రాలేదని దున్నేయడం లాంటిది.

వేరు దాటి బయటికి పోయిన మందు గురించి నెల్లూరులో చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పారు. పన్ను లోపల పెట్టేవి రెండు. ఒకటి గట్టాపెర్చా. గులాబీ రంగులో, అగరబత్తి పుల్లకన్నా సన్నగా, ఒక కొన సూదిలా ఉంటుంది. వేలితో వంచితే వంగుతుంది. మలయా అడవుల్లోని ఒక చెట్టు పాల నుంచి వచ్చేది అది. 1851లో ఇంగ్లిష్ ఛానల్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగకి నీరు తగలకుండా చుట్టిందీ దాన్నే. 1867 నాటికి పంటి వేర్లలోకి వచ్చింది, ఇప్పటికీ దాన్ని పూర్తిగా పక్కకు నెట్టిన పదార్థం రాలేదు. ఇప్పటి పుల్లలో అసలు గట్టాపెర్చా ఐదో వంతే, మిగతాది ఎక్కువగా జింక్ ఆక్సైడ్. రెండోది, పుల్లకీ గోడకీ మధ్య సందు పూడ్చే సీలర్ సిమెంటు. క్లినిక్‌లో అడుగు పెట్టగానే లవంగం వాసన కొడుతుందే, అది ఈ సిమెంట్లలో ఒక రకం. లవంగ నూనెలోని యూజినాల్‌ని జింక్ ఆక్సైడ్ పొడితో కలిపి నూరతారు.

వీటిని మన ఒళ్లు ఎలా చూస్తుందనే దాని మీద చాలా పరిశోధన జరిగింది. పచ్చి సిమెంటు, ఏ రకమైనా సరే, గట్టిపడేదాకా కణాల్ని కొంచెం బాధిస్తుంది. గట్టిపడ్డాక ఆ ఘాటు బాగా తగ్గిపోతుంది. లవంగం వాసన సిమెంటు వేరు దాటి చుక్కలా పోతే దాన్ని శరీరం నెలలూ ఏళ్ల మీద మెల్లగా కరిగించుకుంటుంది. రెజిన్ రకం అంత త్వరగా కరగదు, కానీ చుట్టూ నారకణజాలం కమ్ముకుని ఊరుకుంటుంది. ఈ మధ్య వస్తున్న బయోసెరామిక్ రకాలు తడిలోనే గట్టిపడతాయి, వాటి మీద ఎముకా సిమెంటమూ చక్కగా అతుక్కుంటాయి. గట్టాపెర్చా కరగదు. 1995లో గినీ పిగ్‌ల మీద చేసిన పరీక్షలో ఒక విచిత్రం బయటపడింది. అదే పదార్థాన్ని పెద్ద ముక్కలుగా పెడితే చుట్టూ నార సంచి కట్టి శరీరం దాన్ని వదిలేసింది. సన్నని పొడిగా పెడితే మింగే కణాలు, వాటితో పాటు చాలా కేంద్రకాలున్న రాక్షస కణాలు మూగాయి. కాబట్టి ఏం పోయింది, ఎంత పోయింది, ఎలా పోయింది అన్నవి మూడూ చూడాలి. మీ ఫిల్మ్ చూసి మందు వేరు దాటిందని నెల్లూరులో అన్నది సిమెంటు చుక్కే కావచ్చు. దాని కోసం పన్ను పీకే డాక్టరుని నేనైతే ఎందుకని నిలదీస్తాను.

అలాగని మందు బయటికి పోవడం మంచిదని అనడం లేదు. 1990లో అచ్చయిన స్వీడన్ పరిశోధనలో 356 మంది రోగుల్ని వైద్యం తర్వాత 8 నుంచి 10 ఏళ్లకి పిలిచి చూశారు. వైద్యానికి ముందు వేరు కింద మచ్చ లేని పళ్లలో 96 శాతం బాగున్నాయి. లోపల కండ చచ్చి, మచ్చ ఉన్న పళ్లలో 86 శాతం మానాయి. ఆ మచ్చ ఉన్న పళ్లలోనే, మందు వేరు కొనకి రెండు మిల్లీమీటర్ల లోపు ఆగిన చోట 94 శాతం, కొన దాటిన చోట 76 శాతం, కొనకి చాలా ముందే ఆగిపోయిన చోట 68 శాతం. చూడండి, దాటిన దానికన్నా ముందే ఆగినదే ఎక్కువ దెబ్బతింది. మందు చేరని చోట శుభ్రమూ జరగలేదు, సూక్ష్మజీవులు మిగిలాయి. అసలు శత్రువు అవే. ఈ సంగతి ఇంకా ముందే, 1965లో ఎలుకల మీద తేలింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల దవడ పళ్లకి కండ బయటపడేలా రంధ్రం చేస్తే, తిండి ఇరుక్కున్నా చీము పట్టలేదు సరికదా, గాయం మీద డెంటిన్ అనే పంటి గట్టి పదార్థం కొత్తగా వంతెన కట్టుకుంది. మామూలు ఎలుకల్లో అదే గాయం కుళ్లి గడ్డయింది. నేను ఎవరికి చెప్పినా ఇదే చెప్తాను. మానేది మందు వల్ల కాదు, మాన్పేది మీ ఎముకే. మా పని లోపలి సూక్ష్మజీవుల్ని తగ్గించి, మిగిలిన వాటికి తిండి అందకుండా తలుపు మూయడం.

మరి మీకు నమిలితే నొప్పి ఎందుకు? ఇది తేలిగ్గా తీసుకోవద్దు, భయపడొద్దు కూడా. అన్నిటికంటే ముందు క్యాప్ ఎత్తు చూపించుకోండి. వెంట్రుకవాసి ఎత్తున్నా ఆ నారల ఊయల మీద రోజూ దెబ్బ పడుతుంది. ఒంగోలు డాక్టరు గారిని రంగు కాగితం కొరికించి చూడమనండి, ఐదు నిమిషాల పని. చాలామందికి నొప్పి అక్కడే పోతుంది. క్యాప్ అంచు దగ్గర ఉమ్మి లోపలికి దిగుతోందా అన్నదీ అప్పుడే చూస్తారు. అది దిగితే ఎంత బాగా చేసిన రూట్ కెనాల్ అయినా మెల్లగా మళ్లీ మైలపడుతుంది. తర్వాత చిగురు చుట్టూ సన్నటి కొలత పుల్లతో చూడాలి. అంతా బాగుండి ఒకే ఒక్క చోట సన్నగా లోతుగా దిగితే వేరు నిలువునా చీలిందేమోనని అనుమానించాలి. అలాంటి చీలికని అతికించే వైద్యం మా దగ్గర లేదు. అప్పుడు పీకమంటే నేనూ కాదనను.

ఇవేవీ లేకుండా ఏడాది తర్వాత కూడా మచ్చ తగ్గకపోతే, వేరులో దొరకని నాళం, అంటే సన్నటి గొట్టం, ఒకటి మిగిలిందేమో చూడాలి. కింది దవడ పళ్లలో మూడు నాళాలు మామూలు, నాలుగోది ఉన్న వాళ్లూ తక్కువేం కాదు. అప్పుడు త్రీడీ స్కాన్ తీసి, మళ్లీ తెరిచి శుభ్రం చేస్తారు. మచ్చ ఉండగా రెండోసారి చేసిన పళ్లు ఆ స్వీడన్ లెక్కలో 62 శాతమే మానాయి, దాచడం ఎందుకు. అదీ కుదరకపోతే చిగురు తెరిచి వేరు కొన రెండు మూడు మిల్లీమీటర్లు కోసి, కింద నుంచి మూసే చిన్న ఆపరేషన్ ఉంది. నెల్లూరులో డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ రూట్ కెనాల్‌లోనే పీజీ చేసిన వాళ్లు చూస్తారు. పీకడం ఈ వరసలో ఆఖరిది.

మీ షుగరు సంగతి నన్ను ఈ ఎక్స్‌రే కన్నా ఎక్కువ కలవరపెట్టింది. 8.6 ఎక్కువమ్మా. షుగరు అదుపులో లేకపోతే తెల్ల కణాలు మందగిస్తాయి, సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, ఎముక కట్టే పని నెమ్మదిస్తుంది. మచ్చ ఉన్న పళ్లు షుగరు వాళ్లలో మానే అవకాశం తక్కువని పరిశోధనల్లో కనపడింది. ఇంకొకరికి ఏడాదిలో పూడేది మీకు రెండేళ్లు పట్టవచ్చు. పీకించి ఇంప్లాంట్ పెట్టించుకున్నా ఆ స్క్రూ అతుక్కోవాల్సింది ఇదే ఎముకకి. గ్రేడింగ్ సీజన్లో పొద్దున పోయి రాత్రికి వస్తారు, తిండి వేళకి ఉండదు, మాత్ర మర్చిపోతారు. మా అక్క కూతురు కొండపిలో అదే పనికి పోతుంది, నాకు తెలుసు. మధ్యాహ్నం మాత్ర టిఫిన్ డబ్బా మూతకే అంటించి పెట్టుకోండి. పొగాకు పట్టుకోవడం వల్ల పన్నుకి ఏమీ కాదు. ఇంట్లో ఎవరైనా చుట్టో బీడీయో తాగుతుంటే మాత్రం, వాళ్ల చిగుళ్లకీ ఎముకకీ అది కచ్చితంగా చేటు.

నొప్పి వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మూడు రోజులకి కొని వేసుకునే అలవాటు మన వైపు చాలామందికి ఉంది. మీకూ ఉంటే మానండి. ముందే చెప్పాను, పన్ను లోపల రక్తం ఆడదు, మందు అక్కడికి చేరదు. దవడ వాచి జ్వరం వస్తే అది వేరే సంగతి, అప్పుడు డాక్టరు రాస్తేనే వాడండి.

ఎదురింటామె చూపించిన వీడియోలో మాట వందేళ్ల కిందటిది. 1910 ప్రాంతంలో పంటి వేళ్ల విషమే ఒంట్లో సగం జబ్బులకి మూలమనే సిద్ధాంతం ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఊపందుకుంది. ఆ నమ్మకంతో లక్షల మంది బాగున్న పళ్లు పీకించుకున్నారు. కీళ్ల నొప్పులు తగ్గలేదు. దానికి ఆధారంగా చూపిన కుందేళ్ల పరీక్షలు సరైన పోలిక లేకుండా చేసినవని తర్వాత తేలి, ఆ సిద్ధాంతాన్ని పక్కన పెట్టారు. ఆమెని నొప్పించకుండా ఈ మాట చెప్పండి, ఆమె మీ మంచికోరే చూపించింది.

కనిగిరి మచ్చలకీ దీనికీ సంబంధం లేదు. అవి చిన్నతనంలో పింగాణీ తయారయ్యేటప్పుడు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పడ్డవి, పంటి పైపూతలోనివి.

ఒక్కటి మాత్రం ఈ రోజే చూసుకోండి. కుడివైపు కింది పెదవి, గడ్డం, ఎడమవైపుతో పోల్చి దూది కొసతో తాకండి. కింది దవడ పళ్ల వేళ్ల కిందే నరం పోతుంది. మందు దాని మీద పడితే పెదవి మొద్దుబారుతుంది. ఐదు నెలలుగా మీకు అలాంటిది లేదంటే ఆ భయం తీసేయండి. ఎప్పుడైనా సరే పెదవి మొద్దుబారినా, దవడ కింద వాపు దిగినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా, రాత్రయినా ఆగకుండా ఆస్పత్రికి పొండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఒంగోలు క్లినిక్‌కి వెళ్లి, పని మొదలుపెట్టక ముందు తీసిన ఎక్స్‌రే, పని అయిపోయిన రోజు తీసిన ఎక్స్‌రే అడగండి. అవి మీవి, అడగడానికి మొహమాటపడొద్దు. ఆరో నెల నిండాక అదే పన్నుకి, అదే కోణంలో ఇంకొకటి తీయించండి. కోణం మారితే మచ్చ సైజు మారినట్టు కనపడి మోసం చేస్తుంది. మూడిటినీ పొద్దుటి వెలుతురు పడే కిటికీ అద్దానికి తేదీల వరసలో అతికించి ఫోన్లో ఫోటో తీసి నాకు పంపండి, క్యాప్ ఎత్తు చూశాక నొప్పి ఎలా ఉందో కూడా రాయండి.